ముందు పాస్‌పోర్టు ఇంటికి తెచ్చుకో, జపానా జర్మనీయా తర్వాత చూద్దాం

ఈ వారం ఉత్తరం జగిత్యాల జిల్లా పల్లె నుంచి వచ్చింది. రాసిన అమ్మాయికి 24 ఏళ్ళు. జీఎన్ఎం (మూడేళ్ళ నర్సింగ్ డిప్లొమా) పూర్తిచేసి కరీంనగర్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో రెండున్నరేళ్ళుగా స్టాఫ్ నర్సుగా చేస్తోంది. జీతం 14 వేలు. నైట్ డ్యూటీలో పద్నాలుగు బెడ్లకు తనొక్కతే. నాన్న దుబాయ్‌లో పందొమ్మిదేళ్ళు తాపీ పని చేసి, మోకాళ్ళు అరిగిపోయి తిరిగొచ్చారు. అక్క పెళ్ళికి తెచ్చిన అప్పులో ఇంకా 2 లక్షల 80 వేలు తీర్చాల్సి ఉంది.

వరసకు మామయ్య అయ్యే ఒకాయన ద్వారా ఒక ఏజెంటు పరిచయమయ్యాడు. జపాన్‌లో ముసలివాళ్ళను చూసుకునే ఉద్యోగం, నెలకు లక్ష జీతం, రెండు నెలల్లో ప్రయాణం, పరీక్షలేవీ ఉండవు, మొత్తం నాలుగున్నర లక్షలు అన్నాడు. అడ్వాన్సుగా 10 వేలు తీసుకున్నాడు. పాస్‌పోర్టు, జీఎన్ఎం ఒరిజినల్ సర్టిఫికెట్లు కూడా 'ప్రాసెసింగ్‌కి' అని పట్టుకెళ్ళాడు. ఇంతలో కలిసి చదువుకున్న స్నేహితురాలు ఫోన్ చేసి, విదేశీ ఉద్యోగాలకు పంపే ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ ద్వారా జర్మనీకి నర్సులను తీసుకుంటున్నారని, హైదరాబాదులో నెలల తరబడి ఉండి భాష నేర్చుకోవాలని, ఉద్యోగం మానేయాల్సి వస్తుందని చెప్పింది. అమ్మ ఏమో నిజామాబాద్ సంబంధం ఖాయం చేసుకుందామంటోంది. అబ్బాయి వాళ్ళు 'పెళ్ళయ్యాక దేశం దాటే మాట వద్దు' అన్నారట. నాన్న మాత్రం, 'ఏజెంటు లేకుండా ఎవడు పోయిండు బిడ్డా? నేనూ కట్టే పోయిన' అన్నారట. చివర్లో ఆ అమ్మాయి రాసిన మాట ఇది: "వెళ్తే ఇంటిని వదిలేసినట్టు, వెళ్ళకపోతే ఇంటిని ముంచినట్టు అనిపిస్తోంది. పద్నాలుగు మంది పేషెంట్లను వదిలి పోవడం తప్పేమో అని కూడా ఉంది. టెన్షన్‌తో నైట్ డ్యూటీ లేని రోజు కూడా నిద్ర పట్టడం లేదు. ఏం చెయ్యమంటారు మేడమ్?"

అమ్మా, నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి చదివినప్పుడే గుండె గుభేలుమన్నది పాస్‌పోర్టు ఇచ్చేశానన్న వాక్యం దగ్గర. నువ్వు దాన్ని ఉత్తరం మధ్యలో ఎక్కడో మామూలు విషయంలా రాశావు. నాకు మాత్రం మొత్తం ఉత్తరంలో అన్నిటికన్నా తొందరగా చూడాల్సింది అదే. జపాన్, జర్మనీ, పెళ్ళి, ఈ మూడింటికీ నెల రోజులు ఆగినా కొంప మునగదు. పాస్‌పోర్టు, ఒరిజినల్ సర్టిఫికెట్లు లేకపోతే రేపు నువ్వు ఏ దారి ఎంచుకున్నా అడుగు పడదు. పాస్‌పోర్టు చట్టం ప్రకారం అది భారత ప్రభుత్వ ఆస్తి, నీ పేరున ఇచ్చినది. దాన్ని మరొకరు తమ దగ్గర ఉంచుకునే హక్కు లేదు. మంచి ఏజెంటుకైనా కాపీలు చాలు.

నాన్నను, ఆ వరస మామయ్యను వెంటబెట్టుకుని వెళ్ళు. గొడవ పెట్టుకోవద్దు. 'ఆసుపత్రిలో వెరిఫికేషన్ కోసం ఒరిజినల్స్ అడుగుతున్నారు' అని చెప్పి తీసుకో. ఇవ్వనంటే, 'డబ్బు మొత్తం కట్టాకే' అంటే, అప్పుడు అతను ఎలాంటివాడో నీకు తెలిసిపోయినట్టే. పోలీస్ స్టేషన్‌లో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వు. హైదరాబాదులో విదేశాలకు పనికి వెళ్ళేవాళ్ళ రక్షణ చూసే ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ కార్యాలయం ఉంది, విదేశాంగ శాఖ కింద పనిచేస్తుంది. అక్కడా ఇవ్వు. ఆ 10 వేలు తిరిగి రాకపోయినా పోనీ, కాగితాలు మాత్రం వదలొద్దు.

ఇప్పుడు అతను చెప్పిన మాటలు ఒక్కొక్కటీ చూద్దాం. 'పరీక్షలేవీ ఉండవు' అన్నాడు కదా. జపాన్ 2019 ఏప్రిల్‌లో విదేశీ పనివాళ్ళ కోసం ఒక కొత్త వీసా పెట్టింది, నిర్దిష్ట నైపుణ్యం ఉన్నవాళ్ళకని. జపనీస్‌లో 'తోకుతేయ్ గినో' అంటారు. 2021 జనవరిలో మన దేశం, జపాన్ దీని మీద సహకార ఒప్పందం చేసుకున్నాయి. వృద్ధుల సంరక్షణ, అంటే వాళ్ళు 'కైగో' అనే పని, ఈ వీసా కిందికే వస్తుంది. ఈ వీసా మీద తిన్నగా కైగోకి వెళ్ళాలంటే మూడు గట్లు దాటాలి: జపనీస్ భాషలో ఎన్4 స్థాయి (కింది నుంచి రెండో మెట్టు) లేదా దానికి సమానమైన పరీక్ష, సంరక్షణ పనికి సంబంధించిన నైపుణ్య పరీక్ష, ఆ పనిలో వాడే జపనీస్ మీద ఇంకో పరీక్ష. ఈ మూడూ లేకుండా, భాష ముక్క రాకుండా, రెండు నెలల్లో పంపుతానన్నవాడు ఈ వీసా మీద పంపడం లేదు. మరి దేని మీద? బహుశా స్టూడెంట్ వీసా, లేదా విజిట్ వీసా. స్టూడెంట్ వీసా మీద వెళ్తే అక్కడ భాషా పాఠశాల ఫీజు కడుతూ, వారానికి 28 గంటలకు మించి పని చెయ్యడానికి వీల్లేకుండా బతకాలి. విజిట్ వీసా మీద పని చేస్తే పట్టుకుని పంపేస్తారు. ఆ నెలకు లక్ష అన్న మాట ఈ రెండింట్లో దేనికీ అతకదు.

ఇక నాలుగున్నర లక్షలు. మన దేశంలో విదేశీ ఉద్యోగాలకు మనుషుల్ని పంపేవాళ్ళు 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం కింద రిజిస్టర్ అయ్యుండాలి. అభ్యర్థి దగ్గర సేవా రుసుముగా 30 వేల రూపాయలు, దానిపైన జీఎస్టీ, అంతకు మించి తీసుకోకూడదు. రసీదు ఇవ్వాలి. ఆ ఏజెంటుకు లైసెన్సు ఉందో లేదో కేంద్ర ప్రభుత్వ 'ఈమైగ్రేట్' పోర్టల్‌లో పేరు కొట్టి చూస్తే ఐదు నిమిషాల్లో తేలిపోతుంది. పేరు కనిపించినా అక్కడితో ఆగొద్దు. లైసెన్సు గడువు చూడు. నీతో మాట్లాడిన మనిషి నిజంగా ఆ సంస్థ మనిషేనా, లేక ఊళ్ళల్లో తిరిగే సబ్ ఏజెంటా అన్నది కూడా ఆ సంస్థకే ఫోన్ చేసి కనుక్కో.

మీ నాన్నగారి మాట గురించి ఇక్కడే చెబుతాను, ఎందుకంటే నిన్ను అన్నిటికన్నా ఎక్కువ కదిలించింది అదే అనిపించింది. ఆయన అబద్ధం చెప్పలేదు. ఆయన కాలంలో, ఆయన ఊళ్ళో, దుబాయ్ దారి ఏజెంటు ఇంటి ముందు నుంచే పోయింది. నీ ఉత్తరంలోనే రాశావు, ఆయన ఒక చిన్న నోటు పుస్తకంలో ఏజెంటుకు ఎప్పుడెంత కట్టిందీ, వడ్డీ ఎంతయిందీ రాసి బీరువాలో దాచుకున్నారని, మొదటి రెండేళ్ళ సంపాదన అంతా దానికే పోయిందని. అమ్మా, ఒక సాయంత్రం ఆ పుస్తకం బయటికి తీయించు. ఆయన పక్కన కూర్చుని అదే పుస్తకంలో కింద ఖాళీ పేజీలో నీ లెక్క రాయి. నాలుగున్నర లక్షలు నూటికి రెండు రూపాయల వడ్డీకి తెస్తే నెలకు వడ్డీయే 9 వేలు. ఇప్పుడు నీ జీతం 14 వేలు. పాత అప్పు అలాగే ఉంది. వీసా రెండు నెలలు కాకుండా ఎనిమిది నెలలు ఆలస్యమైతే 72 వేలు గాలికి. నువ్వు నోటితో చెబితే ఆయనకు ఎదురు చెప్పినట్టుంటుంది. ఆయన చేతిరాత కిందే నీ అంకెలుంటే ఇంకేమీ చెప్పక్కర్లేదు.

ప్రపంచంలో ఈ నియమం ఒకటి ఎప్పుడో రాసిపెట్టారు, తెలుసా? ఉద్యోగం ఇప్పించే సంస్థలు పనివాళ్ళ దగ్గర డబ్బు తీసుకోకూడదని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1997లోనే 181వ ఒప్పందంలో పెట్టింది. జపాన్ 1999లో దానికి ఆమోదం తెలిపింది. మన దేశం తెలపలేదు. అందుకే మన దగ్గర 30 వేల పరిమితి అని ఉంటుంది కానీ సున్నా అని ఉండదు. ఇది నాకు ఎప్పుడూ బాధ కలిగించే విషయమే. మనిషి అవసరం ఉన్నది అక్కడి యజమానికి, ఖర్చు మాత్రం కరీంనగర్‌లో 14 వేల జీతం మీద బతికే పిల్లది.

వాళ్ళకు అవసరం ఎంతో కూడా తెలుసుకో, నీ విలువ నీకు తెలుస్తుంది. జపాన్‌లో ప్రతి నూరు మందిలో దాదాపు 29 మంది 65 ఏళ్ళు దాటినవాళ్ళే. 2025 ఆగస్టులో రెండు దేశాల ప్రధానులు కలిసినప్పుడు, ఐదేళ్ళలో మన దగ్గర్నుంచి 50 వేల మంది నైపుణ్యం ఉన్నవాళ్ళు జపాన్ వెళ్ళేలా చూడాలని అనుకున్నారు. జర్మనీతో 2022 డిసెంబరులో వలసలు, రాకపోకల మీద ఒప్పందం కుదిరింది. 2024లో జర్మనీ మన నైపుణ్య ఉద్యోగులకు ఇచ్చే వీసాలను ఏడాదికి 20 వేల నుంచి 90 వేలకు పెంచుతామంది. ఒకవైపు పని దొరకని మన పిల్లలు, మరోవైపు పనిచేసే చేతుల్లేని వాళ్ళ ఆసుపత్రులు. ఈ రెండింటినీ కలపడానికే ప్రభుత్వాలు సంతకాలు పెట్టుకుంటున్నాయి. ఏజెంటు వాడుకుంటున్నది కూడా ఈ వార్తలనే. పేపర్లో వచ్చింది చూపించి తన దుకాణం నడుపుతాడు.

సరే, ఏజెంటును పక్కన పెట్టేశామనుకుందాం. నిజమైన దారుల్లో జపానా, జర్మనీయా? ఇక్కడ నిన్నొకటి అడగాలి. నీకు నర్సుగా ఉండటం ముఖ్యమా, బయటికి వెళ్ళడం ముఖ్యమా? రెండూ ఒకటి కావు.

జపాన్‌లో కైగో అంటే నర్సు పని కాదు. పెద్దవాళ్ళకు స్నానం చేయించడం, అన్నం తినిపించడం, మంచం మీంచి చక్రాల కుర్చీలోకి మార్చడం, బాత్రూమ్‌కి తీసుకెళ్ళడం. ఇందులో తక్కువతనమేమీ లేదు, నిజాయితీగా చెప్పాలంటే చాలా ఓపిక, నేర్పు కావాల్సిన పని. కానీ నువ్వు మూడేళ్ళు చదివిన ఇంజెక్షన్లు, ఐవీ లైన్లు, మందుల మోతాదులు అక్కడ నీ చేతికి రావు. అక్కడ నర్సు కావాలంటే వాళ్ళ జాతీయ పరీక్ష జపనీస్‌లో రాయాలి, దానికి ముందు ఎన్1 అనే అత్యున్నత భాషా స్థాయి ఉండాలి. చాలా దూరం అది. ఈ వీసా మొత్తం ఐదేళ్ళు, కుటుంబాన్ని తీసుకెళ్ళనివ్వరు. అయితే మూడేళ్ళు పనిచేసి, వాళ్ళు పెట్టే శిక్షణ పూర్తిచేసి, 'కైగో ఫుకుషిషి' అనే జాతీయ పరీక్ష పాసైతే వీసా మారుతుంది. అప్పుడు ఎన్నాళ్ళైనా పొడిగించుకోవచ్చు, భర్తనూ పిల్లలనూ తెచ్చుకోవచ్చు. ఇంకో మంచి విషయం, ఈ వీసా మీద ఉన్నవాళ్ళు అదే రంగంలో యజమానిని మార్చుకోవచ్చు. జీతం అదే పని చేసే జపనీయులకు తగ్గకూడదని నియమం. భాష విషయంలో కూడా భయపడకు. మన వాక్యంలాగే వాళ్ళ వాక్యంలోనూ క్రియ చివరికే వస్తుంది. లిపి మాత్రం మూడు రకాలు, అందులో చైనా నుంచి వచ్చిన అక్షరాలు, అంటే కాంజీ దగ్గర అందరూ తడబడతారు.

జర్మనీ వేరు. అక్కడికి నువ్వు వెళ్ళేది నర్సుగానే, కానీ దిగిన రోజునే నర్సువి కావు. నీ జీఎన్ఎం చదువును వాళ్ళ మూడేళ్ళ నర్సింగ్ చదువుతో పోల్చి, ఏం తక్కువైందో చెబుతారు. ఆ లోటును కొన్ని నెలల అదనపు శిక్షణతోనో పరీక్షతోనో పూడ్చాలి. ఇక్కడ బీ1 స్థాయి (భాషా మెట్లలో మూడోది) దాకా భాష నేర్చుకుని వెళ్ళి, అక్కడ దాని పై మెట్టు బీ2 దాటాలి. అప్పటిదాకా సహాయకురాలిగా చేస్తావు, జీతం తక్కువ. ఎంత తేడా అంటే, వృద్ధుల సంరక్షణ రంగంలో 2025 జూలైలో అమల్లోకి వచ్చిన లెక్క ప్రకారం గుర్తింపు పొందిన నర్సుకు గంటకు కనీసం 20.50 యూరోలు, శిక్షణ లేని సహాయకులకు 16.10. పన్ను, ఆరోగ్య బీమా, అద్దె పోయాక మిగిలేది వేరే సంగతి. ఎవరు జీతం చెప్పినా 'కోతలన్నీ పోయి చేతికెంత?' అని అడగడం అలవాటు చేసుకో. గుర్తింపు వచ్చాక ఉద్యోగం స్థిరం, కుటుంబాన్ని పిలిపించుకునే దారి ఉంటుంది.

మీ స్నేహితురాలు చెప్పినది బహుశా 'ట్రిపుల్ విన్' కార్యక్రమం అయ్యుండాలి. జర్మనీ ప్రభుత్వ ఉపాధి సంస్థ, వాళ్ళ అంతర్జాతీయ సహకార సంస్థ జీఐజెడ్ కలిసి నడుపుతున్నాయి. మన దగ్గర కేరళతో మొదలై తెలంగాణకూ వచ్చింది. నియామకం ఖర్చు నర్సు మీద వెయ్యకపోవడం దీని పద్ధతి. టామ్‌కామ్ తెలంగాణ ప్రభుత్వ సంస్థే, హైదరాబాదు మల్లేపల్లి ఐటీఐ ప్రాంగణంలో ఉంటుంది. జపాన్‌కి కూడా వాళ్ళు బ్యాచ్‌లు నడిపారు. కాబట్టి జపాన్ అంటే ఏజెంటు, జర్మనీ అంటే ప్రభుత్వం అని నీ మనసులో పడిపోయిన లెక్క సరికాదు. రెండు దేశాలకూ ప్రభుత్వ దారి ఉంది, రెండింటికీ దొంగ దారులూ ఉన్నాయి.

ప్రభుత్వ సంస్థ కదా అని కళ్ళు మూసుకుని కూడా వెళ్ళొద్దు. నేరుగా వెళ్ళి అడుగు. ఈ బ్యాచ్‌కి శిక్షణ, హాస్టల్ ఖర్చు ఎవరిది? యజమానితో ఇంటర్వ్యూ శిక్షణకు ముందా, తర్వాతా? బీ1 తప్పితే ఇంకో అవకాశం ఇస్తారా? మధ్యలో మానేస్తే ఎంత కట్టాలి? జవాబులు కాగితం మీద తీసుకో. భాషా పరీక్ష మొదటిసారి తప్పేవాళ్ళు చాలామందే ఉంటారు. తెలివి లేక కాదు. పన్నెండు గంటల డ్యూటీలు చేసి చేసి పుస్తకం ముందు కూర్చోవడం మర్చిపోయి ఉంటారు.

అందుకే ఇప్పుడే రాజీనామా చెయ్యకు. రెండు మూడు నెలలు ఉద్యోగం చేస్తూనే జర్మన్‌లో మొదటి మెట్టు ఏ1 గానీ, జపనీస్ మొదటి పాఠాలు గానీ మొదలుపెట్టి చూడు. హైదరాబాదులో జర్మన్ నేర్పే గోథె జెంట్రుమ్ ఉంది, దూరమైతే ఆన్‌లైన్‌లో మొదలుపెట్టు. డెర్, డీ, దాస్ అని ప్రతి వస్తువుకీ లింగం గుర్తుపెట్టుకోవాల్సి వచ్చినప్పుడు నీకు విసుగొస్తుందా, పట్టుదల వస్తుందా అన్నది ఆ నెలల్లోనే తెలుస్తుంది. షిఫ్ట్ మారేటప్పుడు నువ్వు తర్వాతి నర్సుకు పేషెంట్లను అప్పజెబుతావే, 'మూడో బెడ్డు బీపీ తగ్గింది, ఐదో బెడ్డుకి పదింటికి డోసు' అని, ఆ మాటలన్నీ రేపు జర్మన్‌లో చెప్పాలి. అవతలివాళ్ళు తిరిగి అడిగితే అర్థం కావాలి. అది తలుచుకుంటే ఉత్సాహం వస్తే నీ దారి అటే. ఆ సమయంలో ఎంపిక ఖాయమైతే అప్పుడు రాజీనామా ఇవ్వొచ్చు. దీనివల్ల ఒక బ్యాచ్ పోవచ్చు, అది నిజమే. వయసు 24 కాబట్టి ఒక బ్యాచ్ పోవడం నీకు పెద్ద నష్టం కాదని నా అభిప్రాయం. ఇంట్లో అప్పు ఒత్తిడి చూస్తే నీకు వేరేలా అనిపించవచ్చు.

ఇక్కడే ఉండిపోయే దారిని నీ ఉత్తరంలో ఒక్క మాట కూడా రాయలేదు. అది ఓటమి అనుకుంటున్నావేమో. 2024 జనవరిలో తెలంగాణలో దాదాపు 7 వేల మంది స్టాఫ్ నర్సులకు ఒకేసారి నియామక పత్రాలిచ్చారు. అదే ఏడాది సెప్టెంబరులో ఇంకో 2,050 పోస్టులకు నోటిఫికేషన్ వచ్చింది. ఎయిమ్స్ ఆసుపత్రులకు పెట్టే నార్సెట్ పరీక్షకు, జీఎన్ఎం చదివినవాళ్ళు కనీసం 50 పడకల ఆసుపత్రిలో రెండేళ్ళు పనిచేసి ఉంటే అర్హులే. నీకు రెండున్నరేళ్ళు అయ్యాయి. మీ ఆసుపత్రి మొత్తం ఎన్ని పడకలదో చూసుకో. ఏ దారిలో పోయినా, చేరిన తేదీ, పడకల సంఖ్య, చేసిన విభాగం రాసిన ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ రాజీనామాకు ముందే తీసుకో. మానేశాక తిప్పించుకునే ఆసుపత్రులు ఎన్నో. ప్రభుత్వ ఉద్యోగానికి పోటీ ఎక్కువ, నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో తెలియదు, అప్పు తీరడం నెమ్మది. కానీ అమ్మానాన్నల దగ్గర ఉంటావు, నర్సుగానే ఉంటావు.

పద్నాలుగు బెడ్లను వదిలిపోవడం తప్పా అన్నావు. ఆ ప్రశ్న నీకు వచ్చినందుకు నిన్ను దగ్గరికి తీసుకోవాలనిపించింది. నర్సులు మరీ తక్కువగా ఉన్న దేశాల నుంచి మనుషుల్ని లాక్కోవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లో ఒక నియమావళి పెట్టింది, అలాంటి దేశాల జాబితా కూడా ఉంది. అందులో మన దేశం లేదు. పద్నాలుగు మందికి ఒక్క నర్సును పెట్టింది నువ్వు కాదు తల్లీ, ఇంకొకరిని పెట్టి జీతం ఇవ్వని యాజమాన్యం. ఆ బరువు నీ భుజాన వేసుకోకు.

పెళ్ళి సంగతి చివరికి ఉంచాను, చిన్నదని కాదు. అబ్బాయి వాళ్ళ మాట పెద్దల ద్వారా విన్నావు, అబ్బాయి నోటి నుంచి వినలేదు కదా. అమ్మను ఒప్పించి అతనితో ఒక్కసారి నేరుగా మాట్లాడు. 'నేను జర్మనీకి ప్రయత్నిస్తున్నాను, రెండేళ్ళు పట్టొచ్చు, తర్వాత మీరూ రావచ్చు' అని దాచకుండా చెప్పు. ఒప్పుకుంటే ఒక రకం. 'వద్దు, కానీ ఇక్కడ ఉద్యోగం చేసుకో' అంటే ఇంకో రకం, అప్పుడు నువ్వు నార్సెట్ వైపు మనసుపెట్టొచ్చు. 'ఉద్యోగమే వద్దు' అంటే అది వేరే సంగతి, అమ్మకు కూడా తెలియాల్సిన సంగతి. జపాన్ దారి ఎంచుకుంటే మాత్రం తొలి కొన్నేళ్ళు కలిసి ఉండలేరు, ఆ మాట ఇప్పుడే చెప్పాలి. దాచిపెట్టి తాళి కట్టించుకుని, తర్వాత వీసా కాగితం చూపించే పని మాత్రం చెయ్యకు. ఇద్దరికీ అన్యాయం.

వెళ్తే వదిలేసినట్టు, వెళ్ళకపోతే ముంచినట్టు అన్నావు. మీ నాన్న పందొమ్మిదేళ్ళు దూరంగా ఉన్నారు. మిమ్మల్ని వదిలేశారని నీకు ఎప్పుడైనా అనిపించిందా? అనిపించి ఉంటే అది కూడా ఆయనకు చెప్పాల్సిన మాటే, ఆ నోటు పుస్తకం ముందు కూర్చున్నప్పుడు.

ఈ ఆదివారం నీకు డ్యూటీ లేదని రాశావు. పొద్దున్నే నాన్నతో బయలుదేరు. పాస్‌పోర్టు, సర్టిఫికెట్లు చేతికొచ్చాక నాకు ఒక్క లైను రాయి. రాకపోయినా రాయి, ఫిర్యాదులో ఏం రాయాలో కలిసి చూద్దాం.